తల్లాడ మీదుగా నూనెల దారి

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున వైరాలో దిగాను. ఆ రోజు చేప వండని ఇల్లు ఖమ్మం జిల్లాలో దొరకడం కష్టం. రోడ్డు పొడవునా బుట్టల్లో బొచ్చెలు, శీలావతులు, నీళ్ల తొట్లలో ఇంకా కొట్టుకుంటున్న కొర్రమీనులు. కత్తిపీట ముందు కూర్చున్న ఆమె పొలుసు గీకుతూనే "ఏ ఊరు సార్ మీది?" అంది. అనంతపురం వైపని చెప్పాను. "ఆడ చేపలుంటాయా?" అంది నిజమైన అనుమానంతో. చెరువు నిండిన ఏడు ఉంటాయన్నాను. జాలేసిందో ఏమో, పక్క పొయ్యి మీది బాండీలోంచి ఒక ముక్క తీయించి ఆకులో పెట్టిచ్చింది. డబ్బులు తీసుకోలేదు. ఖమ్మం మిర్చి యార్డు ఎంత దగ్గరో నాలుకకు వెంటనే తెలిసింది.

ముక్కతో పాటు బాండీని కూడా చూశాను. నల్లబడుతున్న నూనె, కింద చించి పడేసిన పామోలిన్ ప్యాకెట్లు. మా వైపు ఇదే ముక్క శెనక్కాయ నూనెలో వేగేది, కనీసం నా చిన్నప్పుడు. ఊళ్లో ఏ ఇంట పొయ్యి రాజుకున్నా ఆ వాసనే వచ్చేది.

హైదరాబాదులో ఎంఆర్ఐ యంత్రం నడపడం నా పని. పొద్దస్తమానం మనుషుల లోపలి బొమ్మలు తీస్తుంటాను. వాటిలో కొవ్వు తెల్లగా మెరుస్తూ అన్నిటికన్నా ముందు కంటపడుతుంది. డాక్టర్లకు కావలసింది వెన్నుపూసో మోకాలి లిగమెంటో కాబట్టి, చాలాసార్లు ఆ తెలుపును అణిచేసి చూపించమంటారు. నాకు మాత్రం కొన్నాళ్లుగా దాని మీదే ధ్యాస. కొవ్వు ఎంతుందో చెప్పడం ఇప్పుడు పెద్ద విశేషం కాదు. అది ఏ తరహా కొవ్వు, అందులో సంతృప్త ఆమ్లాల వాటా ఎంత, అసంతృప్త ఆమ్లాల వాటా ఎంత అన్నది సూది గుచ్చకుండా అయస్కాంతంతోనే లెక్కగట్టే పద్ధతులు పరిశోధనశాలల్లో పదునెక్కుతున్నాయి. వాటి గురించి చదువుతున్న రోజుల్లోనే నాతో పనిచేసే నర్సు తన ఊరు రమ్మంది. ఊరు తల్లాడ. "మా వైపు నూనె చెట్లు చూద్దురుగాని రండన్నా" అంది. ఆ మాట చాలు నాకు.

వైరా దాటినా నీళ్లు ఇంకా కృష్ణవే. వైరా నది మున్నేటిలోనూ మున్నేరు కృష్ణలోనూ కలుస్తాయి. పొలాలకు వచ్చేవి సాగర్ ఎడమ కాలువ నీళ్లు. తొలకరి పడి పత్తి చేలు దున్ని ఉన్నాయి. తల్లాడ సెంటర్లో రోడ్డు చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి మీదుగా గోదావరి జిల్లాలకు, ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి, ఆపైన భద్రాచలం అడవుల్లోకి. టీ కొట్టు బల్ల మీద కాసేపు కూర్చుంటే పాత ఖమ్మం జిల్లా అంతా మన ముందునుంచే పోతుంది. బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు వెళ్లే జామాయిల్ మోపులు, రాముడి దగ్గరికి వెళ్లే బస్సులు, మధ్యమధ్యలో ఎర్రగా నల్లగా నిగనిగలాడే పామాయిల్ గెలల ట్రాక్టర్లు.

అనంతపురంలో కొత్త మనిషి కనబడితే మీ వైపు వానలు పడ్డాయా అని అడుగుతారు. ఇక్కడ "ఎవరింటికి?" అని అడిగారు. పేరు చెప్పగానే ఆ ఇంటి పెద్దాయన తండ్రి పేరు, వాళ్ల పొలం ఏ కాలువ కింద ఉందో, పెద్ద కూతురు ఎక్కడ ఉద్యోగం చేస్తోందో కూడా చెప్పి, టీ డబ్బులు తనే ఇచ్చేసి, ఒకాయన నన్ను బండెక్కించుకుని ఇంటి ముందు దింపాడు. దారి చెబితే సరిపోయేది. ఆయనకు అది సరిపోలేదు.

రాత్రి భోజనంలో మామిడికాయ వేసిన చేపల పులుసు, కొత్తావకాయ. ఆవకాయ ఇంకా ఊట తేలుతోంది. వంటింటి అలమరాలో నాలుగు నూనెలు కనిపించాయి: వేపుళ్లకు పామోలిన్, కూరలకు పొద్దుతిరుగుడు, పచ్చళ్లకు నువ్వుల నూనె, మనవడికి నెయ్యి. "నెలకు నూనె ఎంత పడుతుందమ్మా?" అని అడిగాను. "ఎంతంటే ఏం చెప్తాం నాయనా, చెయ్యి వంపినంత" అంది ఆ ఇంటి అమ్మ. కూతురు పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. పోషకాహార పరిశోధకుల కష్టమంతా ఆ ఒక్క జవాబులో ఉంది.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సంగతి చాలామందికి తెలుసు. 1918లో కూనూరులో బెరిబెరి మీద విచారణకు మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగం అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1972 నుంచి ఆ సంస్థ ఆధ్వర్యంలో జరిగిన ఇంటింటి ఆహార సర్వేల్లో సిబ్బంది గిన్నెలూ గరిటెలూ పట్టుకుని గిరిజన గూడేలకు కూడా వెళ్లారు. నిన్న ఏం తిన్నారు, ఎన్ని గరిటెలు, ఎన్ని చెంచాలు అని అడిగి రాసుకున్నారు. అన్నం కొలవొచ్చు, పప్పు కొలవొచ్చు. నూనె దగ్గరికొచ్చేసరికి "చెయ్యి వంపినంత" ఏ గడిలో పడుతుంది? ఇంట్లో వంపింది కాక వైరా రోడ్డు మీది బాండీ ఒకటి ఉండనే ఉంది. అందుకే అడగడం మానేసి ఒంటినే అడుగుదాం అనే ఆలోచన పుట్టింది.

భోజనాలయ్యాక అరుగు మీద ఇంటి పెద్దాయన పక్కన కూర్చున్నాను. సన్నటి మనిషి, కాళ్లూ చేతులూ పుల్లల్లా, పొట్ట మాత్రం కాస్త ముందుకు. షుగరుంది. "నాది లావు ఒళ్లు కాదు గదా సారూ, ఎట్టా వచ్చిందంటారు?" అని అడిగారు. పుణె డాక్టర్ యాజ్ఞిక్ ఫొటో కథ చెప్పాను. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయనా, ఆయన లండన్ మిత్రుడు యడ్కినూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో అచ్చయింది. ఎత్తు, బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లు సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకుంటారని ఆ ఫొటో సారాంశం. పెద్దాయన తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నారు.

"మీ మిషను ఆ కొవ్వు చూపిస్తదా?"

చూపిస్తుంది, ఎలాగో చెప్పడానికి మాత్రం కొంత అవస్థ పడ్డాను. ఒంట్లో నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంది. బలమైన అయస్కాంతంలో ఆ హైడ్రోజన్ కేంద్రకాలు తిరుగుతూ రేడియో సంకేతం ఇస్తాయి. మామూలు ఆస్పత్రుల్లో ఉండే 1.5 టెస్లా యంత్రంలో ఆ వేగం సెకనుకు దాదాపు 6.4 కోట్ల చుట్లు. కొవ్వులోని హైడ్రోజన్ నీటిలోని దానికన్నా పిసరంత నెమ్మది. తేడా సెకనుకు 220 చుట్లే. ఆయనకు ఒకప్పుడు ఎడ్లు ఉండేవని విన్నాను కాబట్టి గంటల సంగతి ఎత్తాను. జత ఎడ్లలో ఒకదాని మెడగంట కాస్త వేగంగా, రెండోది కాస్త నిదానంగా మోగుతుంటే, ఒకసారి రెండూ కలిసి పడతాయి, కొంచెం పోయాక ఒకదాని సందులో ఇంకొకటి పడుతుంది, మళ్లీ కలుస్తాయి. 1984లో డిక్సన్ అనే ఆయన ఈ కలయికనే వాడుకున్నాడు. రెండూ కలిసిన క్షణంలో ఒక బొమ్మ, ఎదురుబొదురు పడ్డ క్షణంలో ఒక బొమ్మ తీశాడు. రెంటినీ కూడితే నీరు మిగులుతుంది, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే కొవ్వు మిగులుతుంది. ఆ రెండు క్షణాల మధ్య ఎడం సెకనులో వెయ్యో వంతులు రెండుకు కాస్త పైన, అంతే.

"అయితే కొవ్వుకు ఒకే గంటన్నమాట" అన్నారాయన. అక్కడే అసలు విషయం ఉంది. కొవ్వుకున్నది ఒక గంట కాదు, గంటల గుత్తి. ఒక్కో కొవ్వు అణువుకు మూడు పొడవాటి కర్బన గొలుసులు వేలాడుతుంటాయి. సంతృప్త గొలుసులో ద్విబంధం ఉండదు. ఒలియిక్ ఆమ్లంలో ఒకటి, లినోలియిక్ ఆమ్లంలో రెండు. ద్విబంధం మీదున్న హైడ్రోజన్ ఒక స్థాయిలో మోగుతుంది, రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్నది ఇంకో స్థాయిలో, ఏ ద్విబంధానికీ దగ్గర లేనివి అన్నిటికన్నా గట్టిగా వేరే చోట. రెండు బొమ్మలతో ఇవి విడిపోవు. వరసగా ఆరో, ఎనిమిదో, అంతకన్నా ఎక్కువో ప్రతిధ్వనులు పట్టి కంప్యూటర్ చేత విడదీయిస్తారు. చివరికి రెండు ముఖ్యమైన అంకెలు తేలతాయి. ఒక అణువులో ఎన్ని ద్విబంధాలు ఉన్నాయి, ద్విబంధాల మధ్య ఇరుక్కున్న చోట్లు ఎన్ని. రెండో అంకెను మూడుతో భాగిస్తే బహుళ అసంతృప్త ఆమ్లాల వాటా. మొదటి దాన్నుంచి రెండోదాన్ని తీసేసి మూడుతో భాగిస్తే మొత్తం అసంతృప్తాల వాటా. మిగిలింది సంతృప్తం. కాలిఫోర్నియాలో శాన్ డియేగో బృందం 2011లో ద్విబంధాల పటాలు గీసి చూపించింది, మరుసటి ఏడు స్వీడన్‌లో ఉప్సలా పరిశోధకులు గొలుసు పొడవును కూడా కలిపి లెక్కగట్టారు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. నిద్ర పట్టిందనుకున్నాను. "అయితే నేనేం నూనె తిన్నానో అంతా బయటపడుద్దన్నమాట" అన్నారు చివరికి.

కొంతవరకు బయటపడుతుంది. మన ఒళ్లు లినోలియిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. చర్మం కింది కొవ్వులో అది ఎంత ఉంటే అంతా తిండిలోంచి వచ్చిందే. ఆ కొవ్వు ఒక్కరోజులో మారదు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో జూల్స్ హిర్ష్ 1960లో సన్నటి సూదితో కొవ్వు నమూనా తీసి పరీక్షించే పద్ధతి రూపొందించాక తెలిసిందేమంటే, తినే నూనె మారినా కొవ్వు సగం మారడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. కాబట్టి ఈ రాత్రి అరుగు మీద కూర్చున్న మనిషి పొట్టలో ఉన్నది నిన్నటి పులుసు కాదు, రెండు మూడు మృగశిరల వెనకటి వంట. అమెరికన్ల ఒంటి కొవ్వులో లినోలియిక్ వాటా 1959 నుంచి 2008 లోపల 9 శాతం నుంచి 21 శాతం దాటిందని పాత నమూనాల లెక్కలన్నీ కలిపి చూసినవాళ్లు 2015లో రాశారు. సోయా నూనె ఒక దేశపు ఒంట్లోకి ఎక్కిన తీరు అది. మన దగ్గర 2013 ఉగాదికి అమ్మహస్తం పథకం మొదలై, 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చిన సంచిలో లీటరు పామాయిల్ కూడా ఉండేది. ఆ తర్వాతి రెండేళ్లలో తెలుగువాళ్ల కొవ్వు ఏమయిందో ఎవరైనా కొలిచి ఉంటే ఎంత బాగుండేది.

కానీ కొవ్వు అనే ఈ సాక్షి మాట పూర్తిగా నమ్మకూడదు. పళ్లెం నిండా తెల్లన్నం తినే ఒళ్లు మిగిలిపోయిన పిండిపదార్థంలోంచి సొంతంగా కొవ్వు చేసుకుంటుంది, అలా చేసుకునేది ఎక్కువగా పామిటిక్ ఆమ్లం. పామాయిల్‌లో దండిగా ఉండేదీ అదే. కాబట్టి ఒక మనిషి కొవ్వులో పామిటిక్ ఎక్కువుంటే అది ప్యాకెట్‌లోంచి వచ్చిందా, సన్నబియ్యంలోంచి వచ్చిందా అన్నది అయస్కాంతం తేల్చలేదు. ఆ మాట చెబితే ఇంటి అమ్మ లోపల్నుంచే "అన్నం జోలికి రాకండి నాయనా" అంది.

మర్నాడు కల్లూరు, సత్తుపల్లి దాటి దమ్మపేట వైపు వెళ్లాను. మామిడి తోటలు పలచబడి పామాయిల్ తోటలు మొదలయ్యాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటి, తర్వాత రోడ్డుకు రెండు వైపులా అవే. ఎకరానికి 57 మొక్కలు, ఎటు చూసినా తొమ్మిది మీటర్ల ఎడంతో ముక్కోణాల్లో. లోపలికి అడుగుపెడితే మధ్యాహ్నం కూడా చీకటిగా, చల్లగా ఉంటుంది. పిట్టల చప్పుడు తక్కువ. కొన్ని తోటల్లో చెట్ల నీడన కోకో వేశారు. మా వైపు శెనక్కాయ చేలో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ ఉండదు, వాన వస్తే పంట, లేకపోతే లేదు. ఇక్కడ ఎండాకాలంలో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఆ లెక్క విన్నాక కాసేపు నోట మాట రాలేదు నాకు. మా ఊళ్లో ఒక ఇంటికి అన్ని నీళ్లు రావు.

గెలలు కోసే కుర్రాడు పొడవాటి గెడకు కట్టిన కొడవలితో మట్ట కోసి, గెల కోసి, కింద పడగానే పక్కకు దూకాడు. ఇరవై కిలోలు ఉంటుంది. రాలిన పండ్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తున్న అత్తమ్మ వయసావిడ, నేను ఫొటో తీస్తుంటే తలగుడ్డ సర్దుకుని, గెల పక్కన పెట్టుకుని తీయమంది. గెల కోశాక ఒక రోజులోపల మిల్లుకు చేరాలి. ఆలస్యమైతే పండులోని ఎంజైములు కొవ్వును విడగొట్టి నూనెను పులిసిపోయేలా చేస్తాయి. అందుకే ఈ ట్రాక్టర్లకు అంత తొందర. అప్పారావుపేట, అశ్వారావుపేట మిల్లుల్లో గెలల్ని ఆవిరిలో ఉడికించి, పండ్లు రాల్చి, పిండితే వచ్చే ముడి నూనె ఎర్రగా ఉంటుంది. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ ఇందులో బోలెడు. శుద్ధి చేసేటప్పుడు ఆ ఎరుపంతా పోతుంది. తోటలో పనిచేసేవాళ్లను మీరేం నూనె వాడతారని అడిగితే, కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్టేనన్నారు. ఎర్ర నూనె ఎలా ఉంటుందో వాళ్లలో ఒకరిద్దరే చూశారు. తాము కోసింది బయటికి పోయి తెల్లబడి తిరిగొస్తుందన్న సంగతి వాళ్లకు తెలుసు, దాన్ని విడ్డూరంగా కూడా ఎవరూ అనుకోవడం లేదు. నేనొక్కణ్నే అనుకున్నాను.

ములకలపల్లి దారి పట్టాక తోటలు ఆగిపోయి అడవి మొదలైంది. ఆగిపోయి అంటే ఒక గట్టు దగ్గర, ఉన్నట్టుండి. టేకు, తునికి, మద్ది, మధ్యలో ఇప్పచెట్లు. ఒక కోయ గూడెం దగ్గర నీళ్లడిగితే ఇంటావిడ నులక మంచం వాల్చి, సొరకాయ బుర్రలో నీళ్లిచ్చి, తాగేదాకా ఏమీ అడగలేదు. తాగాక కూడా ఎక్కువ అడగలేదు. తల్లాడలో ఎవరింటికో చెప్పి బయటపడాల్సి వచ్చింది. ఇక్కడ కూర్చోవడానికి ఏ అర్హతా అక్కర్లేకపోయింది. వాకిట్లో చాప మీద ఇప్ప గింజలు ఎండుతున్నాయి. వేసవి మొదట్లో పూలు ఏరతారు, తొలకరికి గింజలు. కొన్ని గిరిజన కార్పొరేషన్ డిపోకు పోతాయి, కొన్ని ఇంటికి. ఎండబెట్టి, పెంకు తీసి, దంచి, ఆవిరి పట్టి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీసేవాళ్లట. ఇప్పుడు మిల్లుకు పట్టుకెళ్తున్నారు. నూనె తీయగా మిగిలిన పిండిని మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయని ఆవిడ చెబుతుంటే పక్కనున్న పిల్లలు నవ్వారు. మృగశిరకు వాళ్లు వైరా వెళ్లనక్కర్లేదు.

ఆవిడ జొన్న అంబలి పోసింది, పక్కన ఇప్పనూనెతో పోపు వేసిన వెదురు కొమ్ముల కూర. నూనెకు ఒక ఘాటు ఉంది, మొదటి ముద్దకు కొంచెం చేదనిపించి, మూడో ముద్దకు అలవాటైంది. సీసాలో నూనె పలచగా, పసుపుగా ఉంది. "ఇప్పుడు గాబట్టి ఇట్టా ఉంది. చలికాలం నెయ్యి మాదిరి గడ్డకడతది, పొయ్యి దగ్గర పెట్టుకోవాల" అంది. ఒక సీసా అమ్ముతారా అని అడిగితే ధర చెప్పింది. నేను బేరం ఆడలేదు, ఆవిడ ఎక్కువ చెప్పనూ లేదు.

అంబలి తాగుతూ చేసిన లెక్క ఇది. నువ్వుల నూనె అణువులో మూడు గొలుసులకూ కలిపి ద్విబంధాలు సగటున నాలుగుకు కాస్త తక్కువ. శెనక్కాయ నూనెలో మూడుకు కాస్త ఎక్కువ. మామూలు పొద్దుతిరుగుడులో నాలుగున్నర దాకా. పామోలిన్‌లో సుమారు రెండు. మరి ఇప్పనూనె? అందులో పామిటిక్, స్టియరిక్ అనే రెండు సంతృప్త ఆమ్లాలూ కలిసి దాదాపు సగం, ఒలియిక్ నూటికి నలభై ప్రాంతంలో, లినోలియిక్ పది పదిహేను. కూడితే సుమారు రెండు. వందల ఏళ్లుగా ఈ అడవి తిన్న నూనె, దాని గట్టు దాకా వచ్చి ఆగిన తోట నూనె, అయస్కాంతం ముందు పెడితే ఒకే అంకె. తేడా అంతా గొలుసు పొడవులో ఉంది. పామోలిన్‌లోని పామిటిక్‌కు పదహారు కర్బనాలు, ఇప్పనూనెలో ఎక్కువున్న స్టియరిక్‌కు పద్దెనిమిది. సగటు తీస్తే ఆ తేడా అర కర్బనం కూడా ఉండదు. ఎంఆర్ఐ తేల్చే అంకెల్లో అన్నిటికన్నా బలహీనమైనది ఈ గొలుసు పొడవే.

ఇది తెలిశాక మొదట నిరుత్సాహం వేసింది. ఈ గట్టుకు అటూ ఇటూ ఉన్న మనుషుల్ని యంత్రంలో పడుకోబెడితే తేడా పట్టేయవచ్చని లోలోపల ఆశపడ్డాను. తర్వాత ఇంకో రకంగా తోచింది. పామాయిల్‌ను తిట్టేవాళ్లంతా సంతృప్తం ఎక్కువని తిడతారు. ఇప్పనూనెను మెచ్చుకునేవాళ్లంతా అడవిదని మెచ్చుకుంటారు. రెంటిలోనూ సంతృప్తం ఇంచుమించు సమానమే. అసలు తేడా ఎంత తింటారన్న దాంట్లో ఉంది. గూడెంలో ఏడాదికి దొరికే గింజలను బట్టి నూనె, తల్లాడ వంటింట్లో చెయ్యి వంపినంత, వైరా రోడ్డు మీద కాగినంత సేపు. జాతీయ పోషకాహార సంస్థలో గఫూరున్నీసా లాంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నూనెల మీద పనిచేసి, ఒకే నూనెకు అంటిపెట్టుకోకుండా కలిపి వాడమన్నది ఊరికే కాదు. తల్లాడ అలమరాలోని నాలుగు సీసాలు ఆ సలహా వినకుండానే దాన్ని పాటిస్తున్నాయి.

పాల్వంచ పొగగొట్టాలను దాటి, మళ్లీ అడవి, సారపాక, గోదావరి వంతెన. నది ఇంకా వేసవి ఇసుకతోనే ఉంది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇదేనంటే ఆ పూట నమ్మబుద్ధి కాలేదు. భద్రాచలం గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది. దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చుని లడ్డూ తిన్నాను. పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢ్ కుటుంబం నాకు తెలియని భాషలో పలకరించి, తమ అటుకుల పొట్లం నా వైపు జరిపారు. నా లడ్డూ సగం వాళ్ల పిల్లకు పోయింది.

ఆ లడ్డూలోని నెయ్యి దగ్గరైతే యంత్రం తడబడదు. నేతిలో నాలుగు కర్బనాల బుటిరిక్ నుంచి మొదలై పొట్టి గొలుసులు చాలా ఉంటాయి, గొలుసు పొడవు అంకె స్పష్టంగా కిందికి జారుతుంది. చిక్కేమంటే తిన్న నెయ్యి ఒంట్లో నెయ్యిగా ఉండదు. పొట్టి గొలుసులను ఒళ్లు కొవ్వులో దాచుకోకుండా ముందే ఖర్చు పెట్టేస్తుంది. రాముడి ప్రసాదం ఏ స్కానింగులోనూ కనబడదని మెట్ల మీదే తేల్చుకున్నాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ఖమ్మంలోనో హైదరాబాదులోనో ఎవరి కాలేయంలోనైనా కొవ్వు శాతం కొలిచేటప్పుడు, కొవ్వు గంటల గుత్తి ఎలా ఉంటుందో యంత్రానికి ముందే చెప్పాలి. అందుకు చాలా పద్ధతులు వాడే నమూనా 2011లో హామిల్టన్ బృందం శాన్ డియేగో మనుషుల కాలేయాలను కొలిచి ఇచ్చింది: అణువుకు 1.92 ద్విబంధాలు. కొవ్వు ఎంత ఉందన్న ప్రశ్నకు దీనివల్ల వచ్చే తేడా స్వల్పమే, రోగికి నష్టమేమీ లేదు. ఎలాంటి కొవ్వు అన్నప్పుడు మాత్రం పసిఫిక్ తీరంలో తిన్న తిండిని తల్లాడ పెద్దాయన కాలేయంలో ముందే ఊహించుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. మన కొలతలు మనం కొలుచుకోవాలి. హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్లలో 1987లో మొదలై, వాటిలో దాదాపు సగం ఊళ్లలో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చిన అధ్యయనం ఉంది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్స్‌రేలతో వాళ్ల కొవ్వెంతో కూడా కొలిచారు. ఆహారం చరిత్ర తెలిసిన ఒళ్లు అవి. అలాంటి చోట ఈ పద్ధతి వాడితే ద్విబంధాల ఆ రెండు అంకెలకు ఒక అర్థం వస్తుంది.

తిరుగు ప్రయాణం కొత్తగూడెం, జూలూరుపాడు, ఏన్కూరు మీదుగా. తల్లాడలో బస్సు ఆగినంతసేపట్లో పెద్దాయన వచ్చి ఆవకాయ జాడీ చేతిలో పెట్టారు. తన కొవ్వు కొలిపించుకోవాలంటే ఎంతవుతుందని అడిగారు. ఇది ఇంకా ఆస్పత్రి బిల్లులోకి ఎక్కిన పరీక్ష కాదని చెప్పాను. షుగరుకు చేయించాల్సిన రక్తపరీక్షలు మానొద్దని కూడా చెప్పాను. "పోన్లెండి, నూనె తగ్గించమని మా ఆవిడకైనా చెప్పండి" అన్నారు. అది నా వల్ల కాదని ఆయనకూ తెలుసు.

హైదరాబాదు వచ్చాక, మా సెంటరు వాళ్లను అడిగి, రోగులు లేని ఒక పూట నాలుగు సీసాలు తెచ్చుకున్నాను: పామోలిన్, నువ్వుల నూనె, మా ఊరి గానుగ శెనక్కాయ నూనె, గూడెం ఇప్పనూనె. యంత్రం గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. గడ్డకట్టిన కొవ్వులోంచి సంకేతం పుట్టిన వెంటనే చచ్చిపోతుంది, యంత్రానికి అందదు. మనిషి ఒంట్లో 37 డిగ్రీల వేడి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ బాధ లేదు. పొయ్యి దగ్గర పెట్టుకోవాలన్న ఆవిడ మాట గుర్తుండి, సీసాలన్నిటినీ గోరువెచ్చని నీళ్ల డబ్బాలో నిలబెట్టి, ఆ డబ్బాను మోకాళ్లకు వాడే కాయిల్‌లో పెట్టాను. తెర మీద రెండు ద్విబంధాల మధ్య చోటుకు సంబంధించిన గీత నువ్వుల నూనెలో నిటారుగా లేచింది, శెనక్కాయలో కాస్త తగ్గింది. మిగతా రెంటిలో అది నేలను అంటిపెట్టుకునే ఉంది, రెంటిలోనూ ఒకే ఎత్తున. నా పక్కన కూర్చున్న కుర్రాడు మూడో సీసా ఏది, నాలుగో సీసా ఏది అని అడిగాడు. తెర చూసి చెప్పలేకపోయాను. లోపలికి వెళ్లి మూతలు తీసి వాసన చూసి, చీటీలు అంటించి వచ్చాను. డబ్బాలో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఇంకో విడత మొదలుపెట్టాం.